ముందు లోతు మార్చి చూడండి

నిన్న పొద్దున చెరువు గట్టున ఒక కుర్రాడు రెండు గంటలు కూర్చుని, "చేపల్లేవండీ" అంటూ లేవబోయాడు. బెండు ఇంకో మూరెడు పైకి జరుపు బాబూ అన్నాను. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి నడిమి నీళ్లలో, మృగాల అడుగున బురద దగ్గర. బెండుకీ గాలానికీ మధ్య దారం ఎంత ఉందన్నదే అసలు సంగతి. ఎర తర్వాత మార్చుకోవచ్చు. వానపాము చాలా చేపలకి పనికొస్తుంది, శీలావతికైతే తవుడు కలిపిన పిండిముద్ద.

చెరువు మత్స్యకారుల సొసైటీ వాళ్లదైతే ముందు అడిగి గాలం వేయండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నాను. నీటిపైన ఎర్రటి చేపపిల్లలు గుంపుగా పైకొచ్చి కిందికి పోతూ కనిపిస్తే, ఆ కిందే పెద్ద కొరమీను కాపలా ఉంటుంది. దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుంది కాబట్టి అప్పుడు దాన్ని పట్టడం చాలా తేలిక. దయచేసి అక్కడ గాలం వేయకండి. కాపలా పోతే ఆ పిల్లలు మిగతా చేపలకి మేతే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఈ కొరమీనే.

అన్నట్టు, ఆ కుర్రాడికి కాసేపటికే మృగాల పడింది. బెండు మునగలేదు, మెల్లగా పక్కకి జరిగిందంతే. వాడు అది గమనించాడు, నాకు భలే సంతోషమేసింది.