అప్‌ఫ్రంట్ అంటే ముక్కుసూటిగా మాట్లాడటమేనా?

ఇంగ్లీషులో 'అప్‌ఫ్రంట్' అని ఒక వాడుక మాట ఉంది. "ఆయన చాలా అప్‌ఫ్రంట్" అంటే దాపరికం లేని మనిషి అని అర్థం. రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన నాకు ఆ మాట మొదట డబ్బు విషయంలోనే పరిచయం. పనికి ముందే చెల్లించే సొమ్ము అప్‌ఫ్రంట్. రెండు అర్థాల్లోనూ ఉన్నది ఒకటే: ముందు పెట్టడం.

మనవాళ్లు దీన్ని 'ముక్కుసూటి' అంటారు. నాకది సరిపోదనిపిస్తుంది. మొహం మీద తిట్టేవాడూ ముక్కుసూటి మనిషే, ఆ తిట్టులో నిజం లేకపోయినా సరే. అప్‌ఫ్రంట్‌గా ఉండటమంటే ఎదుటివాడు ఒప్పుకోకముందే, అతను తెలుసుకోవలసింది చెప్పెయ్యడం. డబ్బు చేతులు మారాక చెప్పిన షరతు ఎంత నిజమైనా అప్‌ఫ్రంట్ కాదు.

"ఉన్నదున్నట్టు చెప్తాను, మీకు శని నడుస్తోంది" అనే జ్యోతిష్కుణ్ణి చూడండి. మాట ఎంత సూటిగా ఉందో! ఆ సూటితనం చూసే మనకు నమ్మకం కుదురుతుంది. కానీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పినా అబద్ధం అబద్ధమే. శాంతి చేయించినా ఫలితం రాకపోతే ఏమిటన్నది ఆయన ముందు చెప్పడు. తర్వాత అడిగితే "మీ నమ్మకంలోనే లోపం" అంటాడు. దక్షిణ మాత్రం అప్‌ఫ్రంట్!

2017 నాటి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం ప్రైవేటు సంస్థకిచ్చే అడ్వాన్సు మామూలుగా కాంట్రాక్టు విలువలో 30 శాతం మించకూడదు. దానికీ బ్యాంకు గ్యారంటీ వంటి హామీ తీసుకోవాలి. బాబాలకు మనం నూటికి నూరు శాతం, ఏ గ్యారంటీ లేకుండా ఇచ్చేస్తాం.

అసలైన అప్‌ఫ్రంట్ మనిషంటే నాకు అబ్రహాం కోవూర్ గుర్తొస్తారు. మోసానికి తావులేని పరిస్థితుల్లో అతీతశక్తి చూపినవారికి లక్ష శ్రీలంక రూపాయలు ఇస్తానని ఆయన 1963లో సవాలు విసిరారు. ఏమేం చేసి చూపాలో జాబితా ముందే ప్రకటించారు. పోటీకి వచ్చేవారు 1,000 రూపాయల ధరావతు కట్టాలనీ, గెలిస్తే అదీ వాపసిస్తాననీ ముందే చెప్పారు. షరతులూ ముందే, సొమ్మూ ముందే. 1978లో ఆయన చనిపోయే నాటికి ఆ లక్ష ఎవరూ గెలుచుకోలేదు.

ఈసారి ఎవరైనా "ఫ్రాంక్‌గా చెప్తున్నా" అంటే వినండి, తప్పులేదు. కానీ ఫలితం రాకపోతే ఏం చేస్తారో కాగితం మీద రాసివ్వమనండి. జేబులో చెయ్యి పెట్టకముందే అడగండి.