సగం జీతం

మా నాయన జీతగాడు. కబడ్డీ ఆడినోడివి, కాంట్రాక్టు సంగతి రాయమంటే నాయన సంగతి రాస్తావేంది అని మీరు అడగొచ్చు. కాంట్రాక్టు అంటే ఏందో నేను మొదట చూసింది ఆయన దగ్గరే.

కల్యాణదుర్గం దగ్గర మా ఊరు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు కింద లెక్క. సెనక్కాయ ఏస్తే పెట్టుబడన్నా వస్తాదో రాదో. మా మాదిగ గేరిలో సెంటు భూమి లేనోళ్ళకు రెండే దారులు: వలస పోవడం, జీతానికి ఉండడం. ఉగాదికి జీతం మాట్లాడేవాళ్ళు. రెడ్డి అరుగు మీద, నాయన కింద. ఇన్ని మూటల రాగులు, ఒక కంబళి, ఒక జత మెట్లు, చేతికింత డబ్బు. ఆ మెట్లు కుట్టేది మా తాతే. అయినా అవి రెడ్డి ఇచ్చినట్టే లెక్క! వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిందని నేను కాలేజీలో చదివినా. 1989లో కూడా నాయన జీతానికే ఉండినాడు.

ఆ ఏడు బండి తిరగబడి నాయన తుంటి విరిగింది. ఉగాదికి కట్టె పట్టుకోని పోయినాడు. పదేండ్లోణ్ణి, నేనూ ఎంటపోయినా.

"కుంటోడికి సగం జీతమే రా" అన్నాడు రెడ్డి.

తుంటి విరిగింది ఆయన బండి కిందనే. నాయన ఆ మాట అనలేదు. అప్పుంది. అప్పున్నోడు ఇంకో గడప తొక్కి పని అడగలేడు. కాయితం మీద ఏలిముద్ర ఏసి వచ్చినాడు.

నేను కూతలో గట్టోణ్ణి. సెనక్కాయ పీకిన చేన్లో నేర్చిన ఆట. బ్యాటు వద్దు, బూట్లు వద్దు, ఒళ్ళుంటే చాలు. మాకుండేదీ అదొక్కటే. సంక్రాంతి పోటీల్లో పెద్దకులాల పిల్లోళ్ళు నా కాళ్ళు పట్టి, నడుం పట్టి, మీద పడి ఆపేవాళ్ళు. ఆట అయిపోయినాక హోటలు కాడ నా గ్లాసు వేరే. కాళ్ళు పట్టుకున్నప్పుడు లేని అంటు చాయ్ తాగేటప్పుడు యాడినుంచి వస్తాదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ కూతే నన్ను జిల్లా దాటించింది. ఒక కంపెనీ జట్టులో తీసుకున్నారు. పదకొండు నెలల కాంట్రాక్టు, పన్నెండో నెల ఇంటికాడ, మళ్ళా పిలుపు. ఏడేండ్లు అట్లే గడిచింది. 2012లో, నాకు 33 ఏండ్లప్పుడు, కూతకు పోయి వెనక్కి తిరుగుతుంటే ఇద్దరు మీద పడినారు. మోకాలి లోపల టప్పుమనింది. ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషన్ చేసి తొడ వెనకాల నుంచి తీసిన దాన్ని ఆడ కట్టినారు. తొమ్మిది నెలలదాకా ఆటలోకి దిగొద్దని చెప్పినాడు డాక్టరు. ఆపరేషనుకు ఒక అప్పు. ఆ తొమ్మిది నెలలు తినేదానికి ఇంకో అప్పు. కాంట్రాక్టు గడువు ఆ మధ్యలోనే అయిపాయ.

తిరిగి పోతే మేనేజరు మర్యాదగానే మాట్లాడినాడు. కుర్చీ ఏసినాడు, చాయ్ తెప్పించినాడు. తర్వాత కాయితం ముందర పెట్టినాడు. జీతం సగం, అదీ ఆడిన మ్యాచికే. కింద ఇంకో లైను: ఆటలో తగిలే దెబ్బలకు ఆటగాడిదే పూర్తి బాధ్యత. ఆయన లెక్క నాకు తెలీక కాదు. ముప్పై దాటిన మోకాలు. దానికి పెట్టే డబ్బుకు ఇరవై ఏండ్లోళ్ళు ఇద్దరొస్తారు. కానీ ఆ మోకాలు తెగినప్పుడు నా ఒంటిమీద ఉండింది ఎవరి జెర్సీ? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆ లైను కొట్టేయండి అని అడగాలనుకున్నా. అడగలా. సంతకం పెట్టినా.

ఇంటికొచ్చి నాయనకు చదివి చెప్పినా. మంచంలో పడుకోని అంతా విన్నాడు.

"నాకు సదువు రాక ఏలిముద్ర ఏసినా. నీకొచ్చు గదరా" అన్నాడు.

ఆ రాత్రి సంగటి గొంతు దిగలేదు.

ఆరు మ్యాచులు ఆడినా. మోకాలు బాగానే నిలబడింది. భయమే, బోనస్ గీతకు అరడుగు ముందే నన్ను వెనక్కి తిప్పేది. మరుసటి ఏడు ఫోన్ రాలేదు.

2014లో ప్రో కబడ్డీ వచ్చింది. 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌ను తెలుగు టైటాన్స్ వాళ్ళు 1.45 కోట్లకు కొన్నారు, 2021లో 1.30 కోట్లకు నిలుపుకున్నారు. ఆ సీజన్లో భుజానికి గాయమైంది. 2022లో అదే జట్టు 20 లక్షలకు తీసుకుంది. మా గేరి పిల్లోళ్ళు "20 లక్షలంటే తక్కువాన్నా?" అని నవ్వినారు. మాకు అది చూడని డబ్బే. నేను మాత్రం ఏళ్ళమీద లెక్కేసినా: ముందటి ధరలో ఆరో వంతు గూడా లేదు. మా రెడ్డే నయం, సగమన్నా ఇచ్చె! 2023లో హర్యానా స్టీలర్స్ అతనికి కోటి రూపాయలిచ్చింది. ఒక్క ఏడాదిలో భుజం ఐదింతలు బాగైందా? ఆ వేలంలో పన్నెండు జట్లు ఉంటాయి. ఒకరు తగ్గిస్తే ఇంకొకరు చెయ్యెత్తుతారు. మా నాయనకు ఉండింది ఒక్క రెడ్డి. నాకు ఒక్క మేనేజరు.

ఇప్పుడు సాయంత్రాలు బడి గ్రౌండులో గేరి పిల్లోళ్ళకు ఆట నేర్పిస్తుంటా. పోయిన నెల ఒక పిల్లోడు కాయితం తెచ్చినాడు. పంతొమ్మిదేండ్లు, మంచి కూత. జీతం అంకె చూపించి నవ్వుతాండాడు. మొదట్నుంచి చదవరా అన్నా. మూడో పేజీలో వచ్చింది ఆ లైను. మాటలు కొంచెం వేరే, సంగతి అదే. పెన్ను తీసి దాని కింద గీత గీసినా.

"ముందు ఇది తీసేయమని అడుగు."

"అడిగితే నన్నే తీసేస్తారేమో అన్నా."

ఇంట్లో అప్పెంతుందిరా అని అడిగినా. వాడు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.