పొయ్యి మీద బాణాలు

మా పెద్దది విలువిద్య నేర్చుకుంటోంది. వారానికి మూడు రోజులు చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కి, ఆ మర్రిచెట్ల రోడ్డు మీద బస్సులో వెళ్లొస్తుంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచినప్పటి నుంచి దీనికి ఇదే లోకం. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లుకీ చోటిచ్చారని తెలిశాక ఇక చెప్పనక్కర్లేదు.

విల్లు నేర్పేచోటే ఇస్తారు. బాణాలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మొయినాబాద్‌లో చామంతి తోట ఉన్న ఒకావిడ, కూతురు ఇంజనీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్లిపోయిందని, ఆ పిల్ల వాడిన తొమ్మిది కార్బన్ బాణాలు మాకిచ్చింది. ఇంటికి తెచ్చాక మా అమ్మాయి ఒక్కొక్కటీ గోటి మీద ఆనించి తిప్పి చూసింది. తిరుగుతుంటే మొన వణుకుతోంది. గురి తప్పినప్పుడల్లా వెనకాల బండరాళ్లకు కొట్టుకున్నాయట. మన వైపు బండలకేం కొదవ!

కార్బన్ బాణం లోపల డొల్ల. ముందు భాగంలో వేలి కణుపంత లోహపు గొట్టం ఒకటి దూర్చి జిగురుతో అతికిస్తారు. దాన్ని ఇన్సర్ట్ అంటారు. దాని లోపల మరలుంటాయి, మొన వాటిలో బిగుస్తుంది. దెబ్బకు వంగింది ఈ ఇన్సర్టే. షాఫ్టులు బాగానే ఉన్నాయి. కొత్త ఇన్సర్టులు చవకే. కొత్త బాణాల సెట్టంటే మాకు రెండు నెలల కిరాణా. మా ఆయన వద్దనలేదు, "పంట డబ్బులొచ్చాక చూద్దాం" అన్నారు. వద్దంటే పోట్లాడొచ్చు, చూద్దామంటే ఏం చేస్తాం? పదిరోజుల్లో సెలక్షన్లు. ఆ రాత్రి అది అన్నం కెలికి లేచిపోయింది.

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులు ఎలా తీస్తామో మీకు తెలుసు. బయటిది వేడినీళ్లలో పెట్టి, లోపలి దాంట్లో చన్నీళ్లు పోస్తాం. ఇక్కడ ఆ లెక్క కుదరదు. లోపలున్నది లోహం, వేడికి అది ఇంకా ఉబ్బుతుంది. మనం కదిలించాల్సింది మధ్యలో ఉన్న జిగురుని. ఆ జిగురు ఏ రకమన్నదే అసలు ప్రశ్న. పిల్లల క్రాఫ్ట్ పనులకు గ్లూ గన్‌లో పెట్టే కడ్డీ లాంటిదైతే వేడికి మళ్లీ మెత్తబడుతుంది. అరాల్డైట్ లాగా రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ అయితే ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు, బాగా వేడెక్కితే పట్టు సడలుతుందంతే. చిక్కేమిటంటే, షాఫ్టులో కార్బన్ దారాలను పట్టి ఉంచేదీ ఎపాక్సీ లాంటి బంకే. జిగురుని చంపే వేడి బాణాన్నీ చంపుతుంది.

అందుకే నేను నీళ్లతో మొదలుపెట్టాను. నీళ్లు ఎంత మరిగినా వంద డిగ్రీలు దాటవు. మంటకి ఆ హద్దు లేదు. చిన్న గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, మొన బిగించే ఉంచి, ముందువైపు రెండంగుళాలు మాత్రం ముంచి ఇరవై లెక్కపెట్టడం. తీసి, మొనని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, షాఫ్టుని పాత గుడ్డతో చుట్టి మెల్లగా తిప్పుతూ లాగడం. వంచకూడదు. రాకపోతే మళ్లీ నీళ్లలోకే. మరలు అరిగిపోయి మొన నిలవని రెండింటిలో చెక్క స్క్రూ బిగించి దాన్ని పట్టుకుని లాగాను.

మా అత్తమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఏందిది బిడ్డా, బాణాలు ఉడకబెడుతున్నవా? ఉప్పేసినవా మరి?"

మొదటిది వచ్చినప్పుడు చిన్న చప్పుడు, సీసా మూత తెరిచినట్టు. మా అమ్మాయి అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి "అమ్మా, విరుగుతాయి, వద్దే" అంటున్నది, వచ్చి పక్కన కూర్చుంది. ఆరు అలా వచ్చాయి. మూడు కదల్లేదు, అవి ఎపాక్సీవి.

వాటికి మంట తప్పలేదు, కానీ షాఫ్టుకి కాదు. మొన చివరని మాత్రం సన్నటి సెగ మీద పట్టాలి. వేడి మొనలోంచి ఇన్సర్ట్‌కి పాకుతుంది. ఇన్సర్ట్ ఎక్కడ ముగుస్తుందో అక్కడ షాఫ్టు మీద నా వేళ్లు పెట్టుకున్నాను. వేలికి చురుక్కుమనకముందే తీసేయడం, తిప్పి చూడడం, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ పెట్టడం. రోటీలు కాల్చే చేతికి ఆ కొలత కొత్తేమీ కాదు. ఒకటి అలా వచ్చింది. ఇంకొకదానికి వెనక నాక్ తీసేసి, లోపలికి సులువుగా జారేంత సన్నటి ఇనుప మేకు ఒకటి వేసి, వేడిచేసిన వెంటనే వెనక కన్నం బొటనవేలితో మూసి గట్టిగా విదిలించాం. మేకు లోపలి నుంచి పోటు వేసింది. నాలుగో విదిలింపుకి ఇన్సర్ట్ సింకులో పడింది. తొమ్మిదోది రానే లేదు. దాన్ని వదిలేశాను, ఇంకొంచెం సెగ పెడదామని మా అమ్మాయి అడిగినా ఒప్పుకోలేదు.

తీసినవాటి లోపల స్పిరిట్‌లో ముంచిన దూదిని పుల్లకు చుట్టి తుడిచి, రాత్రంతా ఆరబెట్టాం. పొద్దున ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో కొద్దిగా వంచి, తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని విన్నాం. ఈ పని మాత్రం ఎవరూ మానకండి. పగులున్న కార్బన్ బాణం వదిలేటప్పుడు చీలితే ముక్కలు చేతిలో దిగబడతాయి. ఒకటి చిటపటమంది. పైకి ఏమీ కనబడలేదు. అత్తమ్మ దాన్ని బీరపాదుకి ఊతకర్రగా అడిగింది, నేనివ్వలేదు. రెండు ముక్కలు చేసి, కాగితంలో చుట్టి, టేపు వేసి పారేశాం.

ఏడు మిగిలాయి. కొత్త ఇన్సర్టులు నేర్పేచోటే దొరికాయి. ఈసారి కడ్డీ జిగురుతోనే అతికించమని మా అమ్మాయే గట్టిగా చెప్పింది, మళ్లీ వంగితే మళ్లీ తీయొచ్చని. సెలక్షన్‌లో ఒక్కో విడతకి ఆరు బాణాలే కావాలట. ఏడింటికీ తన గోళ్ల రంగుతో అంకెలు వేసుకుంది. ఏడోది విడిగా నా పెన్నుల డబ్బాలో పెట్టింది.