అమ్మ తీసిన కొబ్బరిపాలు

అమ్మ వస్తోందంటే ఆ ఇంట్లో రెండు పనులు తప్పనిసరి. ఒకటి, ఇండియన్ స్టోర్‌కి వెళ్లి సోనామసూరి బియ్యం బస్తా తేవడం. రెండోది, వంటింటి పై అరలో ఉన్న సీసాని గ్యారేజీకి చేర్చడం. అక్కడ పెయింటు డబ్బాల వెనక ఓ అట్టపెట్టె. అందులో పాత దుప్పటి. దాని కింద తెల్ల రమ్ము సీసా. అమ్మ ఉన్నన్నాళ్లూ దానికి అజ్ఞాతవాసమే!

ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటారు వాళ్లు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. భార్య ఫార్మసిస్టు. ఇద్దరు పిల్లలు. అలాగని ఆ ఇంట్లో రోజూ మందు పారుతుందనుకుంటే పొరపాటే. ఆ సీసా మూత ఏడాదికి ఏ పదిసార్లో తీస్తారు, అంతే. అయినా నలభై దాటిన మనిషి, సొంతిల్లున్న మనిషి, తల్లి రాగానే పదేళ్ల పిల్లాడైపోతాడు. ఎందుకంత భయం? తెలుసుకోవాలంటే నెల్లూరు జిల్లాకి వెళ్లాలి. అదీ 1992కి.

గడ్డివాములో ప్యాకెట్లు

అప్పటికి అతనికి నిజంగానే పదేళ్లు. నాన్న సారా ప్యాకెట్లు తెచ్చి గడ్డివాములో దాచేవాడు. అమ్మ వెతికేది. దొరికితే గొడవ. దొరక్కపోతే అంతకన్నా పెద్ద గొడవ. కూలి డబ్బులు ఇంటికి చేరేలోపే సగం కరిగిపోయేవి.

ఆ రోజుల్లోనే అక్షరదీపం రాత్రిబడికి వెళ్లి అమ్మ పలక పట్టింది. దూబగుంట ఆడవాళ్లంతా ఒక్కటై సారా దుకాణం మూయించిన సంగతి ఆ చదువులో ఓ పాఠంగా వచ్చింది. రోశమ్మ పేరు ఊరూరా పాకింది. 'వాళ్లు చెయ్యగా లేంది మనం చెయ్యలేమా' అంటూ జిల్లా అంతటా ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని లేచారు. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఇంటికి మాత్రం ఈ తేదీలన్నీ కాస్త ఆలస్యంగానే వచ్చాయి. కాలేయం పాడై 1996లో నాన్న పోయాడు.

అందుకే అమ్మ దృష్టిలో సారా, బ్రాందీ, బీరు, వైను అనే తేడాలేం లేవు. అన్నీ ఒకటే... మందు!

వడకట్టిన అనాస

ఈసారి అమ్మ వచ్చిన నెలలోనే కొడుకూ కోడలి పదిహేనో పెళ్లిరోజు. పదోదానికి వాళ్లు ప్యూర్టోరికో వెళ్లారు. శాన్ హువాన్ సముద్రపు ఒడ్డున కూర్చుని పినా కొలాడా తాగారు. నురుగులు తేలే తెల్లటి పానీయం, అంచున అనాస ముక్క. 'ఈ రుచి ఇంట్లో ఎందుకు రాదూ?' అంది ఆమె. 'రప్పిస్తా' అన్నాడతను. ఆ మాట అలాగే ఉండిపోయింది. పిల్లల చదువులు, అమ్మ రాక... ఈ ఏడాది ఎక్కడికీ కదిలే వీల్లేదు. కనీసం ఆ మాటైనా నిలబెట్టుకోవాలనుకున్నాడు.

పేరు ఘనంగా వినబడుతుంది గానీ, స్పానిష్‌లో పినా కొలాడా అంటే 'వడకట్టిన అనాస' అనే అర్థం. 1954లో కరీబే హిల్టన్ హోటల్లో రమోన్ 'మోంచితో' మర్రేరో అనే బార్‌టెండర్ దీన్ని తయారుచేశాడని ఆ హోటల్ వాళ్లు చెబుతారు. మూడు నెలలు రకరకాలుగా కలిపి చూస్తేగానీ రుచి కుదరలేదట. పాత శాన్ హువాన్‌లోని బర్రాచినా రెస్టారెంటుకి వెళితే అక్కడి ఫలకం ఇంకో మాట చెబుతుంది... 1963లో రమోన్ పోర్తాస్ మింగోత్ ఇక్కడే కలిపాడని! ఎవరిది ముందన్నది తేలకపోయినా, 1978లో ప్యూర్టోరికో దీన్ని తన అధికారిక పానీయంగా ప్రకటించుకుంది.

ఇద్దరు రమోన్‌ల వెనక మూడో రమోన్ కూడా ఉన్నాడు. రమోన్ లోపెస్ ఇరిసారీ. ఆయనదీ ప్యూర్టోరికోనే. కొబ్బరి నుంచి చిక్కటి మీగడ తీసి, చెరకు పంచదార కలిపి డబ్బాలకెక్కించాడు. అదే 'కోకో లోపెస్'. కొబ్బరి కోరి, పిండి, వడకట్టే చాకిరీ తప్పడంతో ఈ పానీయం ఏ బార్లోనైనా క్షణాల్లో తయారయ్యేదైంది.

రెండుసార్లు బోల్తా

మన హీరో మొదటిసారి బోల్తాపడింది ఈ డబ్బా దగ్గరే. సూపర్‌మార్కెట్ అరలో మూడు రకాలు కనిపిస్తాయి. కోకోనట్ మిల్క్, కోకోనట్ క్రీమ్, క్రీమ్ ఆఫ్ కోకోనట్. మొదటిది పలచటి పాలు. రెండోది చిక్కటిదే గానీ తీపి ఉండదు. మూడోదే కోకో లోపెస్ రకం. అతను మొదటిది తెచ్చాడు. అమ్మ పడుకున్నాక రమ్ము లేకుండానే కలిపి చూశాడు. రుచి నీళ్లనీళ్లగా ఏడ్చింది.

రెండోసారి హోటల్ పద్ధతిలో మామూలు పాలమీగడ కూడా పోశాడు. తాజా అనాస రసంలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాడు. తెల్లారి చూస్తే విరిగి, చేదెక్కి ఉంది. అప్పుడే అమ్మ వంటింట్లోకొచ్చింది.

'ఏం చేస్తా ఉండావురా రెండ్రోజుల్నించి?'

'జ్యూసమ్మా... పిల్లలకి.'

అమ్మ ఓ చుక్క నాలిక మీద వేసుకుంది. 'పచ్చి అనాసలో పాలు పోస్తే చేదెక్కదా అబ్బయ్యా?' అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది. చేదు పుట్టేది అక్కడే. హోటల్లో కలిపిన వెంటనే తాగేస్తారు కాబట్టి తెలియదు. డబ్బా రసాన్ని వేడి చేస్తారు కాబట్టి అందులో ఎంజైమ్ చచ్చిపోతుంది. కొబ్బరిపాలలో ఆవుపాల మాంసకృత్తులుండవు గనుక ఆ బాధే లేదు.

'నేను కొబ్బరిపాలు తీసిస్తాలే, ఉండు' అంది అమ్మ. అతనికి గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. వద్దనలేడు, ఎందుకో చెప్పలేడు. ఊరుకున్నాడు.

అమ్మ నెల్లూరు నుంచి తెచ్చుకున్న కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. ఒక కాయ మొత్తం కోరింది. కప్పు గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, పల్చటి బట్టలో వేసి పిండింది. మొదటిపాలు దాదాపు కప్పు వచ్చాయి. అందులో ముప్పావు కప్పు పంచదార, చిటికెడు ఉప్పు. సన్నని సెగ మీద కలుపుతూ పంచదార కరగగానే దించేసింది. 'పొంగనిచ్చినావంటే విరిగిపోతాది' అని హెచ్చరించింది కూడా. చల్లారాక చూస్తే డబ్బా మీగడ దానిముందు దిగదుడుపే!

గట్టు మీద సీసా

పెళ్లిరోజు సాయంత్రం. అనాస ముక్కలు ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టి ఉంచాడు. ఐస్ వేస్తే అది కరిగి రుచి పల్చబడుతుంది. గడ్డకట్టిన ముక్కలే వేస్తే చల్లదనం, చిక్కదనం రెండూ వస్తాయి. రసం తీసి పెట్టాడు. ఇక గ్యారేజీకి వెళ్లడమే తరువాయి. ఎప్పుడెళ్లాలా అని చూస్తున్నాడు.

ఈలోగా బియ్యం అయిపోయాయని అమ్మ గ్యారేజీకి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చింది. ఒక చేతిలో బియ్యం గిన్నె. రెండో చేతిలో సీసా. ఏమీ మాట్లాడకుండా దాన్ని తెచ్చి గట్టు మీద, తను తీసిన కొబ్బరి మీగడ గిన్నె పక్కనే పెట్టింది.

'దీంట్లో కలిపేదానికేనా?'

అతను తలవంచుకున్నాడు. కోడలే ముందు తేరుకుంది. 'అవునత్తయ్యా. మా ఇద్దరికీ. పిల్లలకి విడిగా, ఇది లేకుండా' అంది.

'ఎన్నాళ్లుగా దాచి పెట్టుండావు?'

'నువ్వొచ్చినప్పుడల్లా...'

'మీ నాయన గడ్డివాములో పెట్టేవోడు. నువ్వు గ్యారేజీలో పెట్టుండావు.'

అంతకన్నా ఏమీ అనలేదామె. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. సీసా తీసి అవతల పెట్టబోయాడు. అమ్మ ఆపింది. 'నా ఎదురుగానే కలుపు. చూస్తా' అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

పరీక్ష రాసే పిల్లాడిలా మొదలుపెట్టాడు. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క ప్రకారం ఒక గ్లాసుకి తెల్ల రమ్ము 50 మిల్లీలీటర్లు, కొబ్బరి మీగడ 30, తాజా అనాస రసం 50. రెండు గ్లాసులకి అంతకంతా. పైన ఓ కప్పు గడ్డకట్టిన అనాస ముక్కలు. తీపి మరీ మొహం మొత్తకుండా నాలుగు చుక్కల నిమ్మరసం. మిక్సీలో అర నిమిషం. చిన్న స్టీలు కొలతతో రమ్ము పోస్తుంటే అమ్మ చూపు ఆ కొలత మీదే ఉంది. పిల్లల గ్లాసులకి మాత్రం రమ్ము లేకుండా ముందే తిప్పి పక్కన పెట్టాడు.

అమ్మ పెద్దవాళ్ల గ్లాసు అందుకుని వాసన చూసింది. నొసలు ముడిపడింది.

'వాసనే రాదేందిరా?'

'కొబ్బరి, అనాస వాసన కమ్మేస్తుందమ్మా.'

'అదేరా దీంతో వచ్చిన చిక్కు. మీ నాయన వీధి మలుపు తిరగంగానే నాకు తెలిసేది. ఇది పక్కన కూర్చున్నోడికే తెలీదు. తియ్యగుండేదానికి లెక్కుండదు.'

ఫార్మసిస్టు కోడలు కూడా ఆ మాట కాదనలేకపోయింది. 50 మిల్లీలీటర్ల రమ్ములో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అమెరికా లెక్కలో ఒక 'డ్రింక్' అంటే 14 గ్రాములే. అంటే పండ్లరసంలా కనిపించే ఆ ఒక్క గ్లాసే ఒకటికి పైన. తీపి, చల్లదనం కలిసి ఘాటుని దాచేస్తాయి. కొలవకుండా పోస్తే రెండో గ్లాసు పూర్తయ్యేదాకా ఎంత తాగామో తెలియదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ మద్యంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. ఇవన్నీ ఆమెకి తెలిసిన సంగతులే. అత్తగారు ఒక్క వాక్యంలో తేల్చేసింది.

ఎక్కడి కొబ్బరి... ఎక్కడి అనాస

ఇంతలో మనవడు తన గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. 'నానమ్మా, ఇది ప్యూర్టోరికో డ్రింక్, తెలుసా?' అన్నాడు. 'కొబ్బరి మనది, అనాస మనది. వాళ్లదేముంది?' అంది నానమ్మ.

సగం నిజం! అనాస పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1493లో రెండో యాత్రలో కొలంబస్ దాన్ని కరీబియన్ దీవుల్లో చూశాడు. పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. అదే యాత్రలో కొలంబస్ ఓడల్లో చెరకు అటు వెళ్లింది. చెరకు తోటల నుంచి మొలాసిస్, మొలాసిస్ నుంచి రమ్ము పుట్టాయి. కొబ్బరేమో మన హిందూ మహాసముద్రపు తీరాల నుంచి పోర్చుగీసు ఓడల మీద అట్లాంటిక్ చేరింది. అక్కడి కొబ్బరిచెట్ల మూలాలు ఇటువైపువేనని 2011లో జన్యు పరిశోధనలోనూ తేలింది. అటు పండు ఇటొచ్చి, ఇటు కాయ అటెళ్లి చివరికి ఒక గ్లాసులో కలుసుకున్నాయి. మనవడు ఇదంతా ఫోన్లో చదివి వినిపిస్తుంటే నానమ్మ ముఖం కాస్త తేటపడింది. పిల్లల గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది. 'ఉప్పు ఇంకొంచెం పడాల' అంది.

తెల్లారి కొడుకు అలవాటుగా సీసా పట్టుకుని గ్యారేజీవైపు నడిచాడు. అమ్మ కేకేసింది.

'యాడికి? ఈడే పెట్టు, పై అరలో.'

'నీకు ఇష్టం లేదు కదమ్మా?'

'ఇష్టం ల్యా. ఎప్పటికీ ఉండదు. దాచినావంటే ఎంత తగ్గిందో నాకు తెలీదు, రేపు నీకూ తెలీదు. ఎదురుగా ఉంటే ఇద్దరికీ తెలుస్తాది.'

మనవడి స్కెచ్ పెన్ను అడిగి తీసుకుంది. సీసాలో రమ్ము ఉన్నంత వరకు బయట ఓ గీత గీసింది. పక్కన తేదీ వేసింది. రాత్రిబడిలో నేర్చుకున్న అంకెలు... కొంచెం వంకరగా, కానీ స్పష్టంగా!

నాలుగు నెలల తర్వాత అమ్మ తిరుగు ప్రయాణం. విమానాశ్రయానికి బయల్దేరే ముందు ఆమె వంటింట్లోకి వెళ్లి తలెత్తి పై అర చూడటం కొడుకు గమనించాడు. గీతకి రెండు వేళ్ల కిందికి దిగింది, అంతే. అమ్మ ఏమీ అనలేదు. అతనూ అడగలేదు.

ఆమెని విమానం ఎక్కించి ఇంటికొచ్చి ఫ్రీజర్ తెరిస్తే, వరసగా ఆరు డబ్బాలు. అన్నింట్లోనూ గడ్డకట్టిన కొబ్బరిపాలు. ప్రతి మూత మీదా కాగితం అతికించి ఉంది. దాని మీద ఆ వంకర అక్షరాలతోనే ఒక్క మాట.

'పిల్లలకు'.