దేగ్ వెనకాల మనిషి

తెలుగు సినిమాలో దావత్ చాలాసార్లు కనిపిస్తుంది. బావర్చీ మాత్రం కనిపించడు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు పెళ్లి భోజనం మొత్తం ఊడ్చేస్తుంటే మన ఇళ్లల్లో దాదా నుంచి పోతే దాకా అందరూ నవ్వుకున్నారు. ఆ లడ్డూల గుట్ట చుట్టిన చెయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు. మాయ కదా, అడగాల్సిన పని లేదు. కానీ మన నికాహ్‌లో, వలీమాలో వడ్డించేది మాయ ఖానా కాదే!

రంజాన్ వచ్చిందంటే చాలు, నన్ను హలీం మీద రాయమంటారు. గోధుమలు ఎంతసేపు నానాలి, గోష్ ఎంతసేపు ఉడకాలి, మీద బిరిస్తా ఎంత పడాలి, అన్నీ రాస్తాను. పొయ్యి ముందు నిలబడి చెమటలు కారుతుండగా ఘోట్నీతో దంచిన మనిషి పేరు రాస్తే మాత్రం పేజీలో చోటు చాలదు. హోటల్ పేరుకు చోటుంటుంది. ఆ కొట్టేసిన పేర్ల వల్లే కాబోలు, వంట చుట్టూ తిరిగే సినిమాలు ఏ దేశానివైనా వెతుక్కుని చూడడం నాకు షౌక్ అయింది.

ముందుగా మన పక్కింటి సినిమా. 2012లో మలయాళంలో వచ్చిన ‘ఉస్తాద్ హోటల్’. అంజలీ మీనన్ రాసింది, అన్వర్ రషీద్ తీశాడు. నలుగురు అక్కల తర్వాత పుట్టిన ఫైజీ విదేశాల్లో వంట నేర్చుకుని వస్తాడు. అబ్బాకేమో కొడుకు బావర్చీ అవడం పరువు తక్కువ. తాతేమో కోళికోడ్ సముద్రం ఒడ్డున బిర్యానీ హోటల్ నడిపే కరీం. అంటే ఆ అబ్బా సిగ్గుపడుతున్నది కొడుకుని చూసి మాత్రమే కాదు, తన తండ్రిని చూసి కూడా. కరీంగా తిలకన్ నటించాడు. సులైమానీ చాయ్‌లో కొంచెం మొహబ్బత్ ఉండాలంటాడు. కడుపు ఎవరైనా నింపుతారు, మనసు కూడా నింపాలంటాడు. ఆ మాటలు వేరే ఎవరంటే డైలాగ్‌లా ఉండేవి. ఆయన అంటే మన మొహల్లా బుజుర్గ్ ఎవరో చెప్పినట్టుంటుంది.

ఆ సినిమా చూస్తుంటే ఉర్దూ మీడియం స్కూల్లో నా పక్కన కూర్చున్న దోస్త్ గుర్తొచ్చాడు. వాళ్లబ్బా బస్తీలో పేరున్న పకవాన్ మనిషి. ఆయన చెయ్యి పడితే ఐదొందల మంది దావత్‌కి నమక్ ఒక్క చిటికెడు ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఉస్తాద్ సాబ్ క్లాసులో “వాలిద్ క్యా కర్తే?” అని అడిగితే మావాడు లేచి నిలబడి “కారోబార్” అనేవాడు. ఏం కారోబార్ అంటే తల దించుకునేవాడు. ఆయన వండిన బగారా, దాల్చా తిని వేళ్లు నాకినవాళ్లే, రిష్తా మాట వచ్చేసరికి “బావర్చీ ఇంటి పిల్లా?” అనేవాళ్లు. ఖానా మీద మనకున్న ఇజ్జత్ ఖానా వండేవాడి దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతుందో!

రెండో సినిమా ఫ్రాన్స్‌ది. ట్యునీషియా మూలాలున్న అబ్దెల్లతీఫ్ కెషీష్ 2007లో తీశాడు. ఇంగ్లిష్‌లో ‘ద సీక్రెట్ ఆఫ్ ద గ్రెయిన్’ అంటారు. సెత్ అనే ఓడరేవు పట్నం. ఓడల మరమ్మతు పని పోయిన స్లిమాన్ అనే ముసలాయన పాత పడవని బాగు చేసి హోటల్ పెట్టాలనుకుంటాడు. అందులో వడ్డించేది తన మాజీ భార్య సుఆద్ చేసే కుస్‌కుస్, చేప. మనకు బిర్యానీ ఎట్లాగో అరబ్ మగ్రిబ్ వాళ్లకు కుస్‌కుస్ అట్లా. ఆదివారం సుఆద్ ఇంట్లో పిల్లలు, కోడళ్లు, అల్లుళ్లు కూడి వేళ్లు నాక్కుంటూ తినే దృశ్యం చూస్తే అది ఫ్రాన్సా, మన పాత బస్తీయా అనిపిస్తుంది. ఆమె పేదవాడికని ఒక రకాబీ విడిగా తీసి పెడుతుంది. మన అమ్మలూ అంతే కదా!

అయితే ఆ సినిమా అసలు కథ వంటింట్లో లేదు, ఆఫీసుల్లో ఉంది. బ్యాంకులో, మునిసిపాలిటీలో స్లిమాన్‌ని ఎవరూ తిట్టరు. నవ్వుతూ కాగితాలు అడుగుతారు, నవ్వుతూ ఇంకో మెట్టు ఎక్కమంటారు. ఆ నవ్వు నాకు తెలుసు. హైదరాబాద్‌లో కిరాయికి ఇల్లు వెతికేటప్పుడు ఫోన్లో అంతా ఓకే అన్న ఓనరు నా పేరు వినగానే “మీరు నాన్‌వెజ్ వండుతారు కదండీ” అన్నాడు. ఆయన ఇంట్లోంచి అప్పుడు కోడి కూర వాసన వస్తోంది. ఒక మాట మాత్రం చెప్పాలి. చివర్లో చాలాసేపు సాగే బెల్లీ డ్యాన్స్ ఉంది, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే సినిమా కాదు.

పిల్లలతో చూడాలంటే తైవాన్‌కి వెళ్లాలి. ఆంగ్ లీ 1994లో తీసిన ‘ఈట్ డ్రింక్ మ్యాన్ వుమన్’. తైపేలో భార్య పోయిన పెద్ద షెఫ్ చూ సాబ్. ముగ్గురు కూతుళ్లు. ప్రతి ఆదివారం వాళ్ల కోసం షాదీ ఖానా అంత వండుతాడు, వాళ్లు ముళ్ల మీద కూర్చున్నట్టు తింటారు. ఆయనకి నాలుక రుచి పోయింది. హోటల్లో పాత దోస్త్ రుచి చూసి చెప్తే, అందాజా మీద నెట్టుకొస్తుంటాడు.

దీన్ని మా అమ్మీతో కలిసి చూశాను. 2021లో కోవిడ్ వచ్చి తగ్గాక ఆమెకి వాసన తిరిగి రాలేదు. సాలన్‌లో నమక్ సరిపోయిందా అని మమ్మల్ని అడిగి చేస్తుంది. మసాలా వేగిందని వాసన బట్టి కాదు, గరిటెకి తగిలే తీరు బట్టి కనుక్కుంటుంది. సినిమాలో పంది మాంసం కనిపించగానే తౌబా తౌబా అంటూ మొహం తిప్పుకుంది. మళ్లీ చూ సాబ్ కత్తి పట్టిన చెయ్యి చూసి “హాథ్ దేఖ్, హాథ్” అంది. ఆఖర్లో రెండో కూతురు చేసిన సూప్ తాగి, అల్లం ఎక్కువైందని ఆయన వంక పెడతాడు. వంక పెట్టాడంటే రుచి తిరిగి వచ్చినట్టే! అమ్మీ ఏమీ అనలేదు. దుపట్టా సర్దుకుని, “ఆ పిల్లని ముందే వంటింట్లోకి రానిచ్చి ఉంటే ఎప్పుడో వచ్చేది” అంది. నిజమే, వంటంటే ప్రాణమిచ్చే ఆ కూతుర్ని చూ సాబే ఒకప్పుడు హోటల్ కిచెన్ నుంచి పంపేశాడు, చదువుకొమ్మని.

మన దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. ఇంట్లో ఆడపిల్లని వంటింట్లోంచి బయటికి రానివ్వం, బజార్లో దేగ్ దగ్గరికి పోనివ్వం. ఇంట్లో వండితే ఫర్జ్, బయట మగవాడు వండితే ఫన్. 1987లో డెన్మార్క్ నుంచి వచ్చిన ‘బాబెట్స్ ఫీస్ట్’ ఈ గీతని చెరిపేసింది. ఆస్కార్ కూడా అందుకుంది. పారిస్‌లో పేరున్న హోటల్ షెఫ్ అయిన బాబెట్ అల్లర్లలో అంతా పోగొట్టుకుని మారుమూల పల్లెలో ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇంట్లో వంటమనిషిగా చేరుతుంది. లాటరీలో 10,000 ఫ్రాంకులు వస్తాయి. మొత్తం ఖర్చు పెట్టి 12 మందికి ఒక్క రాత్రి దావత్ ఇస్తుంది. వైను, లాటరీ మనకు పనికిరావు, సరే. కానీ ఆమె ఆ రాత్రంతా వంటింట్లోనే ఉంటుంది, మేజా దగ్గర కూర్చోదు. పాత తగాదాలున్న ఆ ఊరివాళ్లు తింటూ తింటూ ఒకరినొకరు మాఫ్ చేసుకుంటారు. డబ్బంతా అయిపోయిందని తెలిసి అక్కచెల్లెళ్లు బాధపడితే, ఆమె తనని తాను గరీబ్ అనుకోదు. హునర్ ఉన్నవాళ్లు గరీబులు కారన్నది ఆమె నమ్మకం.

మన ఖానా మీద కూడా ఎవరో ఒకరు ఇట్లాంటి సినిమా తెలుగులో తీస్తారని ఎదురు చూస్తున్నాను. తీసేదాకా ఒక చిన్న పని మనం చేయొచ్చు. మీ నికాహ్ ఆల్బమ్ తెరిచి చూడండి. ఖాజీ సాబ్ ఉంటారు, స్టేజీ ఉంటుంది, దస్తర్‌ఖాన్ ఉంటుంది. దేగ్ దించిన మనిషి ఏ ఫొటోలోనైనా ఉన్నాడా? లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, కనీసం ఆయన పేరు ఆ ఆల్బమ్ వెనక రాసి పెట్టండి.