జిరాక్సు కాగితాలు, ఒక ఇల్లు

పొద్దున చేవెళ్ల బస్టాండులో మొయినాబాద్ పోయే బస్సు కోసం నిలబడితే తెలిసిన వదినె కనిపించింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో భర్త డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల పత్రం, మీసేవలో తీసిన ‘నో ఎర్నింగ్’ సర్టిఫికెట్, కొడుకు ఇంటర్ మెమో. మడతల దగ్గర జిరాక్సుల అక్షరాలు చెరిగిపోయినై. ‘‘కలెక్టరాఫీసుకు పోవాలె తమ్మీ, మల్లొకసారి’’ అన్నది.

జిల్లా ఒకటే. కానీ మనం పడమటి అంచున, కలెక్టరేటు నగరానికి అవతల కొంగరకలాన్‌లో. బస్సులు మారి పోవాలె.

వదినె తిరుగుతున్నది కారుణ్య నియామకం కోసం, అంటే ఉద్యోగంలో ఉండగా పోయినవారి ఇంట్లో ఒకరికి ఇచ్చే సర్కారు కొలువు కోసం. ఈ నియామకాలకు 1977 అక్టోబరు 3 నాటి జీవో 687 మూలం. ఉద్యోగి పోయిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ఇచ్చేది జూనియర్ అసిస్టెంటుకు మించని పోస్టు. సొంత శాఖలో ఖాళీ లేకుంటే కలెక్టరు వేరే శాఖలో చూడాలి. ఇది వారసత్వ హక్కు కాదు, ఉన్నట్టుండి కూలిన ఇంటికి ఆసరా అని 1994లో ఉమేష్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట నాకు సబబే. అయితే ఆసరా అప్పుడే అందాలి కదా! ఏడాదిలోపు అడగమని ఆ ఇంటికి గడువు పెట్టినప్పుడు, ఇన్ని నెలల్లో ఇస్తామని ప్రభుత్వమూ తనకు గడువు పెట్టుకోవాలి. ఈలోపు పిల్లల ఫీజులు, కిరాణా బాకీ ఆగవు.

బస్సొచ్చింది. చినుకులు మొదలైనై. వదినె కవరును కొంగు కింద దాచుకొని ఎక్కింది.