మళ్ళీ వచ్చే మనిషి

మనిషికి మనిషి తోడు కావాలి. అయితే ఆ అవసరాన్ని అందరూ ఒకే విధంగా చూపరు. కొందరు పట్టుకున్న కొంగు వదలరు. కొందరు నాకెవరూ అక్కర్లేదని దూరంగా ఉంటారు. మరికొందరు నిబ్బరంగా దగ్గరవుతారు, నిబ్బరంగానే వీడ్కోలు చెబుతారు. పసితనంలో పెంచినవారితో ఏర్పడిన అనుబంధం పెద్దయ్యాక కూడా మన నడతపై ప్రభావం చూపుతుందని బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907-1990) చెప్పారు. తల్లి గదిలోంచి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఎలా ప్రవర్తిస్తుందో మేరీ ఎయిన్స్‌వర్త్ పరిశీలించి, ఈ తీరులను వేరుచేసి చూపారు.

మాది శ్రీకాకుళం జిల్లా. మావారి రైల్వే ఉద్యోగం వల్ల కోల్‌కతాలో, గార్డెన్ రీచ్ దగ్గర కాపురం. అమ్మ పోయాక నాకు నిద్ర కరువైంది. పొరుగింటామె సలహాతో మానసిక చికిత్సకురాలి దగ్గరకు వెళ్ళాను. ఆమెను ఇక్కడివారిలాగే 'దిది' అని పిలిచేదాన్ని. వారానికొకసారి, ఒక గంట. వచ్చీరాని హిందీలో మాట్లాడేదాన్ని. ఏడుపు వస్తే మాత్రం తెలుగే వచ్చేది. అర్థం కాకపోయినా ఆమె అడ్డు తగిలేవారు కాదు.

ఈ నగరానికి ఈ విద్య కొత్త కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో ఇక్కడే భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. వియన్నాలోని ఫ్రాయిడ్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపారు. రోగి తన పాత బంధాలలోని ప్రేమనూ కోపాన్నీ చికిత్సకుడి మీద చూపుతాడని ఫ్రాయిడ్ గుర్తించారు. ఆ మాట నా విషయంలో ఎలా నిజమైందో చూడండి.

దుర్గాపూజ దగ్గరపడింది. "రెండు వారాలు ఉండను. లక్ష్మీపూజ అయ్యాక బుధవారం కలుద్దాం" అన్నారు దిది. ఊరంతా ఢాక్ మోతకు ఎదురుచూస్తుంటే, నాకు గుండె జారింది. "నాకు నయమైంది, ఇక రాను" అన్నాను. ఆమె కోప్పడలేదు, బతిమాలలేదు. "ముందు మీరే వెళ్ళిపోతే బాధ తగ్గుతుందనిపిస్తోందా?" అని అడిగారు.

అప్పుడు చెప్పాను. నా చిన్నప్పుడు అమ్మ కూలిపనికి వలస వెళ్ళేది. చెబితే ఏడుస్తానని, నేను నిద్రలో ఉండగానే బయలుదేరేది. తిరిగి వచ్చినప్పుడు నేను దగ్గరకు వెళ్ళేదాన్ని కాదు. అమ్మమ్మ "మొండి పిల్ల" అనేది. అది మొండితనం కాదు, భయం.

అన్న బుధవారం దిది ఉన్నారు. "మీమీద కోపం వచ్చింది" అన్నాను. ఆమె తల ఊపి విన్నారు. కోపం చెప్పినా బంధం తెగలేదు. అమ్మతో అనలేకపోయిన మాట అది.

చికిత్సకురాలు తల్లి కాదు. ఫీజు తీసుకొని, గడియారం చూసి పనిచేసే మనిషి. అయినా చెప్పిన రోజున తిరిగి వచ్చే మనిషి. బౌల్బీ చెప్పిన భద్రమైన ఆధారం ఇదే. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, బయటికి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి. చెప్పిన వేళకు తిరిగి రండి.